వంకరదారి రాళ్లు

గంధం దారి ఎందుకు వంకర తిరుగుతుందో దూదేకుల బుడే సాహెబ్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు. చిన్నప్పుడు సున్నం ముంత పట్టుకుని తండ్రి వెనకాల నడిచిన నాటి నుంచీ ఆ అనుమానం అతనితోనే ఉంది. మట్టుపాలెం ఊళ్లో తమ ఇంటి నుంచి పొలాల మధ్య ఉన్న షావలి దర్గాకు బండ్లబాట తిన్నగా పోతుంది. ఏటా దర్గాకు ఎత్తే గంధం ఊరేగింపు మాత్రం ఆ బాటన పోదు. ఊరు దాటగానే బాట దిగి, పత్తి చేలకు అడ్డంపడి, గురవమ్మ చేలో సగందాకా వెళ్లి, అక్కడ ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి, కొంత దూరం పోయాక తప్పు తెలుసుకున్నట్టు మళ్లీ కుడికి తిరిగి దర్గా చేరుతుంది.

తండ్రిని అడిగితే, "మా నాయన ఇట్టాగే నడిచాడురా," అన్నాడు. చిలకలూరిపేట మసీదులో ఒక పెద్దాయన్ని అడిగితే, అసలు గంధం ఎత్తడమే అక్కర్లేదన్నాడు. బుడే అది విని ఇంకా తికమకపడి, ఆ ఏడు కూడా రాళ్లకు సున్నం కొట్టాడు.

దున్నే చేలల్లో దారి నిలవదు. అందుకని దారి పొడుగునా అక్కడొకటి, అక్కడొకటి రాళ్లు పాతి ఉన్నాయి. ఏటా ఫాల్గుణ పున్నమి వెళ్లాక వచ్చే గురువారం నాడు గంధం. దానికి పది రోజుల ముందు బుడే ఆ రాళ్లకు సున్నం కొడతాడు. ఆ తెల్లటి గుర్తుల వెంట నడిస్తే ఎవరి చేలోనూ ఒక్క మొక్క విరగదు. రైతులు కూడా విత్తనం వేసేటప్పుడే రాళ్ల పక్కన ఒక మనిషి నడిచేంత జాగా వదిలేస్తారు. ఇన్నేళ్లలో ఎవరూ కాదనలేదు.

ఈసారి సున్నం కొడుతూ గురవమ్మ చేలో మలుపు దగ్గరికి వచ్చేసరికి, అక్కడి రాయి మీద ఎర్రరంగుతో గీసిన బాణం గుర్తు కనిపించింది. బుడే కుంచె ముంతలో పెట్టి గొంతుక్కూర్చున్నాడు. వేలితో తాకాడు. రంగు ఎండిపోయి ఉంది.

గురవమ్మ పత్తి తీస్తోంది. ఏభై ఏళ్లు దాటిన మనిషి. భర్త ఆదెయ్య పోయాక ఆ రెండెకరాలూ ఒక్కతే చేసుకుంటోంది. నడుముకు కట్టిన ఒడి నిండా దూదితో, నిండు చూలాలిలా మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏందన్నా, రాయితో మాట్లాడుతున్నావు?"

"ఇది చూడమ్మా. ఎవరో గీశారు."

"మొన్న జీపులో సర్వే వాళ్లొచ్చారుగా. వాళ్ల పనే. సున్నం కొట్టెయ్యి, పోతుంది."

బుడే కుంచె తీశాడు. రాయి దాకా తీసుకెళ్లి ఆపాడు. సర్వే వాళ్లంటే గవర్నమెంటు. గవర్నమెంటు గీసిన గీత మీద దూది ఏకే మనిషి సున్నం కొట్టవచ్చునా? కొట్టకపోతే గంధం రాయికి సున్నం లేకుండా పోతుంది. చాలాసేపు ఆలోచించి, బాణం చుట్టూ జాగ్రత్తగా, కుంచె కొసతో, ఒక్క చుక్క కూడా ఎర్రరంగు మీద పడకుండా రాయంతా సున్నం కొట్టాడు. అంతవరకూ మట్టిలో కలిసిపోయి ఉన్న ఆ బాణం తెల్లటి రాయి మీద బొట్టు పెట్టినట్టు ఎర్రగా లేచి కనిపించింది.

తన పని సరిగ్గా చేశాననుకుని బుడే తరవాతి రాయి దగ్గరికి వెళ్లాడు.

*

రెండు రోజుల తరవాత ఉదయం చెంచయ్య కాఫీ హోటల్లో బుడే బయటి బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లోపల చెంచయ్య పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఆ రోజుల్లో ఏ ఇద్దరు కలిసినా అవే మాటలు. తెలంగాణాతో కలిసిపోతున్నాం, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదు పోతుంది. హైకోర్టు గుంటూరులో ఉంటుందా, అదీ పోతుందా? నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్టకు శంకుస్థాపన అయింది, కాలవ ఏ ఊరి మీదుగా వస్తుంది?

"గుంటూరే రాజధాని అవుతుందని స్థలాలు కొన్నవాళ్లంతా ఇప్పుడేమంటారో," అన్నాడు చెంచయ్య పేపరు మడుస్తూ.

"ఏమంటారు, సొంతానికి ఇల్లు కట్టుకుంటారు," అని ఎవరో నవ్వారు. అంతలో అందరూ గబుక్కున నవ్వు ఆపుకున్నారు. బస్సు దిగిన అంకమ్మరావు తెల్లటి పంచె అంచు చేత్తో పట్టుకుని వస్తున్నాడు. అతనికి ఊళ్లో పొలాలున్నా, ఎక్కువగా గుంటూరులోనే తిరుగుతుంటాడు. ఏ నాయకుడి ఇంట్లో ఏం వండారో అనే దగ్గర్నుంచి చెబుతాడు. గుంటూరులో స్థలాలు కొన్నవాళ్లలో అతనూ ఒకడు.

"స్థలాల సంగతి అట్టా ఉంచండిరా," అన్నాడతను కూర్చుంటూ. "హైదరాబాదు పోయేది కుర్చీలు. నీళ్లు మనకే వస్తాయి. ఏ మిట్టన పోతుందో, ఏ పల్లాన దిగుతుందో లోపల నిర్ణయం అయిపోయింది. బయటికి చెప్పరు. చెబితే రేట్లు పెరగవూ?"

"మరి మీకెట్టా తెలిసిందండీ?" అన్నాడు చెంచయ్య అమాయకంగా ముఖం పెట్టి.

"నాకు తెలిసిందని నేనన్నానా?" అన్నాడు అంకమ్మరావు. ఆ మాటతో అతనికి తెలుసని అందరికీ నమ్మకం కుదిరింది.

అప్పుడు ఒక రైతు గురవమ్మ చేలో రాయి మీద ఎర్ర బాణం సంగతి ఎత్తాడు. అంకమ్మరావు టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపాడు.

"ఏ వైపు చూపిస్తోంది?"

"దర్గా వైపు."

"అదే కాలవ వరస," అన్నాడు అంకమ్మరావు నెమ్మదిగా.

బుడే లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "అయ్యా, ఆ రాళ్లు గంధానివి. సున్నం కొట్టింది నేను."

"నువ్వే కొట్టావు, ఎవరు కాదన్నారు? బాణం కూడా నువ్వే గీశావా?"

"లేదయ్యా, సర్వే వాళ్లు."

"మరి బాణం మీద సున్నం ఎందుకు వెయ్యలేదు?"

"గవర్నమెంటుది గదా అని..."

"విన్నారా?" అన్నాడు అంకమ్మరావు చుట్టూ చూస్తూ. "సాయిబు నోటితోనే వచ్చింది. గవర్నమెంటుదట!"

*

మర్నాటి నుంచి బుడే ఇంటి ముందు పంచ ఖాళీగా లేదు. అతను పరుపు దూది ఏకుతున్నాడు. దూలానికి వేలాడగట్టిన విల్లు నారిని చేతికొయ్యతో కొట్టినప్పుడల్లా ధుం ధుం అని మోగి, ముద్దకట్టిన పాత దూది పొరలు పొరలుగా లేస్తోంది. మీసాల మీద, కనురెప్పల మీద దూది పోగులు. ఆ మోతలో ఎదుటివాళ్ల మాట సగమే వినపడుతుంది.

ఒకాయన వచ్చి కాసేపు వాతావరణం మాట్లాడి, "మిట్ట చేను అమ్మనా, ఉంచనా?" అని అడిగాడు. ఇంకొకాయన గంపెడు వంకాయలు బుడే భార్య జానీబీ చేతికిచ్చి, ఏమీ అడగకుండానే వెళ్లిపోయి, సాయంత్రం తిరిగొచ్చి అడిగాడు.

"నాకేం తెలుసయ్యా?" అంటే ఎవరూ నమ్మలేదు.

"ఆ వంకాయలు తిరిగిచ్చెయ్యి," అన్నాడు బుడే భార్యతో.

"పులుసు పెట్టేశాను," అంది జానీబీ. "ఆ విల్లు కాసేపు ఆపి వాళ్లకేదో ఒకటి చెప్పి పంపించరాదూ? తూర్పున పోతుందనో, పడమట పోతుందనో."

"తెలియంది ఎట్టా చెబుతాను?"

"తెలియదని చెబుతుంటే వాళ్లు గంపలు పట్టుకొస్తున్నారు. తెలుసని చెబితేనన్నా మానతారేమో!"

సాయంత్రం బుడే రాళ్లు చూసుకోవడానికి వెళ్లాడు. మిట్ట దగ్గర రాయి రెండు సాళ్లు అవతలికి జరిగింది. అది ఉండాల్సిన చోట కొత్త మట్టి పూడ్చి కాలితో తొక్కిన గుర్తులున్నాయి. ఇంకో రాయి గట్టు దాటి పక్కవాడి చేలోకి పోయింది. కాలవ తన చేలోంచి పోకూడదు, తన చేను పక్కనుంచే పోవాలి అని ఎవరికి వాళ్లు రాయిని కాస్త జరుపుకున్నారు. ఒక్కో రాయినీ పెకలించి, భుజాన మోసి, పాత గుంట వెతికి పెట్టేసరికి చెమటకు చొక్కా తడిసిపోయింది.

అంకమ్మరావు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏం బుడే, సరిచేస్తున్నావా? మంచిది. లైను చెడిపోకూడదు."

బుడేకు ఒళ్లు మండింది. బాణం ఉన్న రాయి దగ్గర కూర్చుని గోరుతో ఒక అంచున సున్నం గీకాడు. ఉల్లిపొట్టులా పొర కింద పొర వచ్చింది. "చూడండి. ఇది నేను కొట్టింది, ఇది మా నాయన కొట్టింది, ఈ కింద పచ్చబడింది మా తాత కొట్టింది. అప్పుడు నందికొండ ఏది? కాలవ ఏది?"

అంకమ్మరావు వంగి చూశాడు. అతని ముఖంలో ఓడిపోయిన జాడ లేదు. పైగా సంతోషం కనిపించింది.

"మీ తాత నాటిదా? దొరల కాలంలో కూడా ఒకసారి సర్వే అయిందని గుంటూరులో విన్నాను. ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఆ రాళ్లు దొరలు వేసినవి. మీ తాత వాటినే దర్గా రాళ్లనుకుని సున్నం కొట్టి ఉంటాడు."

"అదేంటండీ!"

"కాకపోతే ఆ వంకర ఎందుకుంది చెప్పు? తిన్నటి బండ్లబాట పక్కనుండగా గంధానికి వంకరదారి ఎందుకు? కాలవ అయితే మిట్ట తప్పించి వంకరగానే పోతుంది. గంధం ఎందుకు పోతుంది?"

బుడే గోటి కింద చిక్కిన సున్నం చూసుకున్నాడు. ఎన్నో ఏళ్లుగా తన్ను తాను అడుక్కున్న ప్రశ్న ఇంకొకరి నోట వింటే కాళ్ల కింద మట్టి కదిలినట్టయింది. తాత నిజంగా పొరబడ్డాడా? ఇన్నాళ్లూ గంధం దొరల కాలవ గీత వెంట నడిచిందా?

*

మర్నాడు చెంచయ్య చెప్పాడు. అంకమ్మరావు గురవమ్మతో చేను మార్పిడికి మాట్లాడుతున్నాడట. ఊరి ముందున్న తన ఎకరం నల్లచేను ఆమెకిచ్చి, ఆమె రెండెకరాలూ రాయించుకుంటాడట.

"రెండుకు ఒకటా?" అన్నాడు బుడే.

"కాలవ చేను మధ్యగా పోతే నీకు మట్టికూడా మిగలదు, గవర్నమెంటు డబ్బు నీ మనవల నాటికి వస్తుంది, ఈ ఎకరమైనా దక్కించుకో అని చెప్పాడంట. ఇక్కడ మాతో ఏమన్నాడో తెలుసా? 'చవుడు నేలైతేనేం, నష్టపరిహారం ఇచ్చేటప్పుడు చవుడని తగ్గిస్తారా' అన్నాడు. ఒంటి ఆడమనిషి. ఆ నోట్లో మట్టికొడుతున్నాడు."

"మరి మీరెవరూ చెప్పలేదా?"

"నేనా? అతనికి రోజూ టీ పోసేవాణ్ణి," అన్నాడు చెంచయ్య స్టౌ వైపు తిరిగి.

బుడే టీ తాగకుండానే లేచాడు. బాణం గుర్తుకొచ్చింది. ఆమె చెరిపెయ్యమంది. తను కదా చుట్టూ సున్నం కొట్టి దాన్ని ఊరంతటికీ కనపడేలా చేసింది. తన కుంచె వల్లే ఒక ఇల్లు మునుగుతోంది.

గురవమ్మ కూలికి మిరప కల్లంలో ఉంది. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య ముక్కుకు కొంగు కట్టుకుని తాలు కాయలు ఏరుతోంది. తెల్లబడ్డ కాయ కనపడగానే చూడకుండానే చెయ్యి దాని మీదికి పోతోంది. బుడే దగ్గరికి వచ్చేలోపే ఘాటుకు తుమ్మాడు.

"అమ్మా గురవమ్మా, ఆ మార్పిడి ఒప్పుకోవద్దు. కాలవ అక్కడ రాదు."

"రాదని నీకు తెలుసా అన్నా?"

నిన్నటిదాకా అయితే బుడే తెలుసని చెప్పేవాడు. "తెలుసనే అనుకుంటున్నాను. ఆ రాళ్లు గంధానివి. దొరలవని అంకమ్మరావు గారంటున్నారు గానీ..."

గురవమ్మ కొంగు కింద నవ్విందో, దగ్గిందో తెలియలేదు. "దొరలవా? మీ తాత దొరల దగ్గర కొలువు చేశాడని చెప్పలేదే!"

"నవ్వులాట కాదమ్మా. రెండెకరాలు పోతాయి."

"నువ్వు చెప్పాల్సింది చెప్పావుగా. ఎండలో ఎందుకు నిలబడతావు, ఇంటికి పో."

చెయ్యి మళ్లీ తాలు కాయల మీదికి వెళ్లింది. ఆమెకు అర్థం కాలేదనుకున్నాడు బుడే. నిజం చెబితే సరిపోదు, రుజువు కావాలి. తనకే కావాలి.

*

చిలకలూరిపేటలో కాలవ సర్వే వాళ్ల మకాం ఒక పత్తి మిల్లు వెనక వేసిన డేరాలలో ఉంది. బుడే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాక ఓవర్సీరు బయటికొచ్చాడు. మీసం సరిగ్గా మొలవని కుర్రాడు. బుడే మొదట షావలి గురించి, తరవాత తాత గురించి, తరవాత దొరల గురించి చెప్పాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"మీ ఊరి మీద లైనా? అటు ఇంకా కాగితం మీద గీతే పడలేదయ్యా. ఊరికే మట్టం చూసుకుపోయాం."

"మరి బాణం?"

"ఏ బాణం? మా వాళ్లు ఎక్కడెక్కడో గీస్తుంటారు. చూస్తేగానీ చెప్పలేను. రేపు అటు పని ఉంది, వస్తాను పో."

బుడే దణ్ణం పెట్టి, ఎంతో నిశ్చింతగా బస్సెక్కాడు.

మర్నాడు పొద్దెక్కాక జీపు వచ్చింది. అది ఊళ్లో ఆగకుండా తిన్నగా గురవమ్మ చేను గట్టు దగ్గరికే వెళ్లేసరికి హోటల్లో గ్లాసులు గ్లాసులుగానే వదిలి జనం పరిగెత్తారు. గట్టు మీద వరసగా నిలబడ్డారు. అంకమ్మరావు అందరికంటే ముందున్నాడు.

ఓవర్సీరు బాణం చూశాడు. గొలుసు మోసే కూలీని పిలిచి ఏదో అడిగాడు. అతను తల గోక్కుని, చేత్తో దర్గా వైపు చూపించి నవ్వాడు. ఓవర్సీరు కూడా నవ్వి, రాయి మీద ఒక కాలు పెట్టి, రాళ్ల వరస పొడుగునా కన్ను చికిలించి చూస్తూ, "లైను బానే పట్టారే!" అన్నాడు. ఆ మాట గట్టు దాకా వినపడింది. తరవాత అటువైపే గురవమ్మ చెట్టు నీడన పెట్టుకున్న కుండలోంచి ఒక చెంబు నీళ్లడిగి తాగాడు.

"ఏం లేదయ్యా," అన్నాడు బుడేతో గొంతు తగ్గించి. "ఆ రోజు మా వాళ్లకు దాహమై ఈ పక్కకొచ్చారట. మంచినీళ్లు ఇటున్నాయని వెనకాల వచ్చేవాళ్లకు గుర్తు గీశారు. అంతే."

జీపు దుమ్ము అణగకముందే బుడే గట్టు దగ్గరికి పరిగెత్తాడు. "నీళ్ల గుర్తంట! దాహమేసి గీశారంట! కాలవా లేదు, ఏమీ లేదు. ఆయనే చెప్పాడు."

ఒకడు కిసుక్కున నవ్వాడు.

"ఒరేయ్, చెంబుడు నీళ్లు తాగడానికి పేట నుంచి జీపేసుకుని వచ్చాడంటరా ఓవర్సీరు!"

గట్టంతా గొల్లున నవ్వింది. అంకమ్మరావు నవ్వలేదు. బుడే భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా, "నిన్ను ఏం చెప్పమన్నాడో అది చెప్పావు. నీ తప్పేం లేదు," అన్నాడు. అటు తిరిగి, "గురవమ్మా, రేపే రిజిస్ట్రారు కచేరీకి పోదాం. పొద్దున బస్సుకు సిద్ధంగా ఉండు," అన్నాడు.

గురవమ్మ కుండ మీద మూకుడు సరిగ్గా పెడుతోంది. తలెత్తకుండానే, "అట్టాగే," అంది.

తను పిలవకపోతే జీపు వచ్చేది కాదు. జీపు రాకపోతే అంకమ్మరావు ఇంకొన్నాళ్లు ఊగిసలాడేవాడు. నడుచుకుంటూ ఇంటికొచ్చిన బుడే విల్లు ముందు కూర్చున్నాడు గానీ, కొయ్య చేతిలోకి తీసుకోలేదు. జానీబీ అన్నం పెట్టి పిలిస్తే, "నిజం చెప్పడం కూడా చేతకావాలేమో," అన్నాడు.

"ముందు తిను," అంది జానీబీ.

*

పొద్దున బస్సు దగ్గర గురవమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని నిలబడి ఉంది. అంకమ్మరావు, అతని తరఫున ఇద్దరు సాక్షులు ఒక పక్కన ఉన్నారు. బస్సు డ్రైవరు హోటల్లో ఉన్నాడు.

బుడే నెత్తిన టోపీ పెట్టుకుని వచ్చాడు. మామూలుగా నమాజుకే పెట్టుకుంటాడు. ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు.

"షావలి మీద ఒట్టు. ఆ రాళ్లు దర్గావి. ఆ బాణం నీళ్ల గుర్తు. ఓవర్సీరు నా చెవిలో చెప్పాడు. ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్క లేదు. ఇద్దరూ వినండి. తరవాత మీ ఇష్టం."

అంకమ్మరావు ముఖం ఎర్రబడింది. "పీరు మీద ఒట్టేసి అబద్ధం ఆడతావేందయ్యా? ఎవరు నేర్పారు నీకు? ఈ చేను మీద ఇంకెవడికన్నా కన్నుపడిందా?"

అప్పుడు గురవమ్మ గొంతు వినిపించింది.

"బుడే అన్న అబద్ధం ఆడడు అంకమ్మరావు గారూ. నాకు పెళ్లయి ఈ ఊరొచ్చిన నాటి నుంచి చూస్తున్నా. ఆలోచించుకోండి. నాకేం తొందర లేదు. కావాలంటే వచ్చే ఏడు చూసుకుందాం."

బుడే ఆమె వైపు ఆశగా చూశాడు. తన మాట చివరికి ఆమెకెక్కింది. కానీ అంకమ్మరావు ఆమె ముఖంలోకి, బుడే ముఖంలోకి మార్చి మార్చి చూసి, ఏదో పట్టుకున్నట్టు తల ఊపాడు.

"ఓహో. నిన్న జీపు చూశాక మనసు మారిందన్నమాట. ఇద్దరూ కూడబలుక్కున్నారు. అదేం కుదరదు. నలుగురిలో ఒప్పుకున్న మాట. ఎక్కు, ఎక్కు బస్సు!"

"మీరు ఎక్కమంటేనే ఎక్కుతున్నాను," అంది గురవమ్మ. "నలుగురూ వినండి."

బస్సెక్కేటప్పుడు ఆమె పక్కకు తిరిగి బుడేను చూసింది. ఆ చూపులో భయం లేదు, బాధా లేదు. అదేమిటో బుడేకు తెలియలేదు. బస్సు వెళ్లిపోయాక కూడా టోపీ తియ్యడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

*

గురువారం నాటికి రాళ్లకు మళ్లీ సున్నం కొట్టి ఉంది. బుడే కొట్టలేదు. అంకమ్మరావు తన పాలేరు చేత కొట్టించాడు. చేను ఇప్పుడు అతనిది. రాళ్లు ఎవరూ కదపకుండా మనిషిని కాపలా కూడా పెట్టాడు. గంధానికి అడ్డు చెబుతాడేమోనని బుడే భయపడ్డాడు గానీ, అంకమ్మరావు తనే ఎదురొచ్చి దండం పెట్టాడు.

"రాళ్ల వెంటే నడవండి. బాగా తొక్కండి. దారి స్పష్టంగా కనపడాలి," అన్నాడు.

బుడే గంధం గిన్నె నెత్తిన పెట్టుకుని, సాంబ్రాణి పొగ మధ్య, సన్నాయి వెనక ఆ వంకరదారినే నడిచాడు. మలుపు దగ్గర ఎడమకు తిరిగాడు. మళ్లీ కుడికి తిరిగాడు. కాళ్లకు దారి తెలుసు. ఆ చేలో పత్తి మోకాలెత్తు కూడా లేదని, మొక్కల మొదట్లో నేల తెల్లగా ఉప్పు పూసినట్టుందని ఆ రోజే మొదటిసారి పట్టించుకున్నాడు. ఏటా నడుస్తూనే ఉన్నాడు. రాళ్ల మీద, గిన్నె మీద ధ్యాసతో నేల వంక ఎప్పుడూ సరిగ్గా చూడలేదు.

దర్గాలో గంధం పూయడం అయింది. మలీదా ప్రసాదం పంచడం అయింది. జనం పలచబడ్డాక గురవమ్మ వచ్చింది. చంకలో మడతపెట్టిన ఆకుపచ్చ గుడ్డ ఉంది. కొత్త గుడ్డ, జరీ అంచు కుట్టించింది. గడప బయటే చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుంది.

"చాదరు తెచ్చానన్నా."

"ఇదేంటమ్మా?"

"మా అత్త మొక్కు. ఊరి ముందు నల్లచేను మాదే అన్నా. మా మామను మాటల్లో పెట్టి, చేలో గొర్రెల మంద కడితే చవుడు విరుగుతుంది, రెండెకరాలు వస్తాయి గదా అని చెప్పి, ఈ అంకమ్మరావు తండ్రి ఈ చవుడు మాకు అంటగట్టి ఆ ఎకరం పట్టుకుపోయాడు. మంద కట్టీ కట్టీ మా మామ పోయాడు. ఆ చేను తిరిగి ఇంటికొస్తే షావలికి చాదరు కప్పుతానని మా అత్త ఇక్కడే, ఈ గడప మీదే మొక్కుకుంది. తీరకుండానే పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని అదే చెప్పింది."

బుడే ఆ గుడ్డ వైపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"అయితే నీకు ముందే తెలుసా? బాణం సంగతి?"

"నా కుండలో నీళ్లు తాగిన వాళ్లేగా గీసింది. నా ఎదురుగానే గీశారు. చెరిపెయ్యమని నీకు చెప్పాను కూడా."

"తరవాత చెప్పలేదు."

"తరవాత ఎవరూ అడగలేదన్నా. అంకమ్మరావు గారు వచ్చి కాలవ వస్తుందని నాకే చెప్పాడు గానీ, వస్తుందా అని నన్ను అడిగాడా?"

బుడే దర్గా అరుగు మీద కూర్చుండిపోయాడు. బస్సు దగ్గర తను వేసిన ఒట్టు, ఆమె చెప్పిన 'ఆలోచించుకోండి', గట్టు మీద నవ్వులు అన్నీ కలిసి తల్లో దూదిలా ముద్దకట్టాయి. ఆమెను కాపాడాలని తను పరిగెత్తాడు. నిజంగానే అంకమ్మరావు తన మాట విని ఉంటే ఆ నల్లచేను ఆమెకు తిరిగి వచ్చేది కాదు. తను చెప్పింది నిజం. దాన్ని నమ్మకపోవడం వల్ల న్యాయం జరిగింది. మరి నమ్మి ఉంటే జరిగేది ఏమిటి? ఎంత ఏకినా పోగు విడలేదు.

"గురవమ్మా, ఇది తీసుకోవచ్చా అని నా అనుమానం. ఒక మనిషి పొరపాటు మీద వచ్చింది."

"పొరపాటు పడొద్దని నువ్వు ఒట్టేసి చెప్పావు. ఆలోచించుకోమని నేను చెప్పాను. నలుగురూ విన్నారు. ఇంకెంత చెబుతాం? బస్సుకు అడ్డం పడుకుంటామా?"

బుడేకు నవ్వొచ్చింది, దాంతోపాటే భయం కూడా వేసింది. ఇది షావలి ఇచ్చాడా, అంకమ్మరావు ఆశ ఇచ్చిందా, తన కుంచె ఇచ్చిందా? ఎవరు ఇచ్చారో తెలియనప్పుడు కాదని వెనక్కి పంపడానికి తనెవరు? మొక్కింది తనకు కాదు. దర్గా ఊడ్చి దీపం పెట్టేవాడు మాత్రమే తను.

లేచి చేతులు కడుక్కున్నాడు. చాదరు ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస అతను పట్టుకున్నాడు. ఇద్దరూ మెల్లగా సమాధి మీద పరిచారు. ముడత పడ్డ చోట గురవమ్మ అరచేత్తో సర్దింది. తాలు కాయలు ఏరి ఏరి ఆమె వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి.

బుడే అగరొత్తి వెలిగించి, ఫాతిహా చదవడానికి రెండు చేతులూ ఎత్తాడు. ఎత్తి, ఆగాడు.

"ఎవరి పేరున చదవమంటావు? నీ పేరునా?"

"నా పేరెందుకు? మొక్కు నాది కాదుగా. మా అత్త పేరున. సుబ్బరావమ్మ."

అతను కళ్లు మూసుకుని చదివాడు. మధ్యలో సుబ్బరావమ్మ పేరు వచ్చినప్పుడు కాస్త గట్టిగా, స్పష్టంగా పలికాడు. అయిపోయాక ఇద్దరూ చేతులతో ముఖం తుడుచుకున్నారు. గురవమ్మ గడప దాటి చెప్పులు వేసుకుంటూ పొడుగ్గా ఊపిరి వదిలింది.

"ఇక పడుకుంటుందిలే ముసలిది," అంది.